అమ్మాన్‌లో వారానికోసారి నీళ్లు: ప్రైవేటు కంపెనీలు చేసిందేమిటి, మిగిలిపోయిందేమిటి

క్లుప్తంగా: జోర్డాన్ రాజధాని అమ్మాన్ నీటి సరఫరాలో పాతికేళ్లుగా ప్రైవేటు కంపెనీలు రకరకాల పాత్రల్లో పనిచేస్తున్నాయి. దూరం నుంచి కొత్త నీళ్లు తేవడం, మురుగునీటిని శుద్ధి చేయడం అనే రెండు పనులు అవి బాగానే చేశాయి. నగరంలోని పైపుల్లో వృథా అయ్యే నీటిని ఆపడం మాత్రం ప్రైవేటు యాజమాన్యం ఉన్నప్పుడూ, ఆ తర్వాత ప్రభుత్వ కంపెనీ వచ్చినప్పుడూ సగంలోనే ఆగిపోయింది. ఎవరు నడిపారన్న దానికంటే, నష్టం వస్తే ఎవరి జేబులోంచి పోవాలని ఒప్పందంలో రాసుకున్నారన్నదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించింది.

## వంతు వచ్చిన రోజు

అమ్మాన్‌లో ఏ ఇంటి మీద చూసినా ట్యాంకులు వరసగా కనిపిస్తాయి. అక్కడ చాలా ప్రాంతాలకు కుళాయి నీళ్లు వారానికి ఒకసారి, ఒకటి రెండు రోజుల పాటు వస్తాయి. వంతు వచ్చిన రోజున ట్యాంకులు నింపుకోవాలి, బట్టలు ఉతుక్కోవాలి, ఇల్లు కడుక్కోవాలి. మళ్లీ వంతు వచ్చేదాకా ఆ నీళ్లతోనే సరిపెట్టుకోవాలి. రోజు విడిచి రోజు నల్లా వచ్చే హైదరాబాద్ కాలనీల వాళ్లకు ఈ లెక్క కొత్తేమీ కాదు. కాకపోతే అమ్మాన్‌లో ఆ ఎడం చాలా ఎక్కువ.

కొరతకు మూలం ప్రకృతిలోనే ఉంది. జోర్డాన్‌లో ఏటా తిరిగి సమకూరే నీరు తలకు సుమారు 61 ఘనపు మీటర్లు. అంటే రోజుకు 170 లీటర్ల లోపే. ఇది ఇంటి వాడకానికి మాత్రమే చెప్పిన లెక్క కాదు. తిండి పండించడానికీ, ఫ్యాక్టరీలకూ, తాగడానికీ అన్నిటికీ కలిపి అంతే. ఏడాదికి తలకు 500 ఘనపు మీటర్ల కంటే తక్కువ ఉంటే తీవ్ర కొరతగా పరిగణిస్తారు. జోర్డాన్ అందులో ఎనిమిదో వంతు దగ్గర ఉంది. దానికి తోడు సిరియా యుద్ధంతో లక్షల మంది శరణార్థులు వచ్చి చేరారు.

నగరం ఉన్న చోటు కూడా ఖర్చు పెంచుతుంది. అమ్మాన్ కొండల మీద ఉంది. దానికి నీళ్లిచ్చే ముఖ్యమైన వనరుల్లో ఒకటి జోర్డాన్ లోయలోని కింగ్ అబ్దుల్లా కాలువ. ఆ లోయ సముద్రమట్టం కంటే రెండు వందల మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. అక్కడి నీటిని జాయ్ శుద్ధి కేంద్రం మీదుగా నగరానికి చేర్చాలంటే వెయ్యి మీటర్లకు పైగా ఎత్తిపోయాలి. తిరుపతి నుంచి తిరుమలకు ఎక్కే ఎత్తు కంటే ఇది ఎక్కువ. దేశం వాడే కరెంటులో ఏడో వంతు దాకా నీటి రంగమే తీసుకోవడానికి ఇలాంటి ఎత్తిపోతలే కారణం.

ప్రైవేటు అనగానే చర్చ ఫ్రెంచ్ కంపెనీల మీదికి వెళ్తుంది. నిజానికి అమ్మాన్ నీటిలో అన్నిటికంటే పాత ప్రైవేటు వ్యాపారం ట్యాంకర్లదే. వంతు తప్పినా, మధ్యలో ట్యాంకు ఖాళీ అయినా ఫోన్ చేసి ట్యాంకర్ తెప్పించుకోవాలి. దాని ధర కుళాయి నీటి ధరకు ఎన్నో రెట్లు. పెద్ద ఇళ్లకు సంపులుంటాయి, కాబట్టి వారం గడుస్తుంది. చిన్న ఇంట్లో, మేడ మీద ఒకటి రెండు ఘనపు మీటర్ల ట్యాంకుతో బతికే కుటుంబానికి గడవదు. అలా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లే ఎక్కువ ధర నీళ్లు కొనాల్సి వస్తుంది. ఏ ఒప్పందాన్ని అంచనా వేసినా, ఈ కుటుంబానికి ట్యాంకర్ అవసరం తగ్గిందా లేదా అన్నది చూడాల్సిందే.

## 1998లో ఏం జరిగింది

1998 వేసవిలో అమ్మాన్ కుళాయిల్లో దుర్వాసన వచ్చే నీళ్లు వచ్చాయి. జాయ్ కేంద్రానికి వచ్చే నీటిలో నాచు విపరీతంగా పెరిగింది. శుద్ధి ప్రక్రియ దాన్ని తట్టుకోలేకపోయింది. అసలే అరకొరగా వచ్చే నీళ్లు వాసన కొట్టడంతో జనం ఆగ్రహించారు. నీటి మంత్రి రాజీనామా చేశారు. ఆగస్టులో ప్రధాని అబ్దుల్ సలామ్ మజాలీ ప్రభుత్వమే దిగిపోయింది. దానికి దారితీసిన కారణాల్లో ఈ నీళ్ల గొడవ ప్రధానం.

ఆ తర్వాతి ఏడాదే నగర నీటి నిర్వహణ విదేశీ కంపెనీ చేతికి వెళ్లింది. ఆ ఆలోచన అంతకు ముందు నుంచే ఉంది. ప్రపంచ బ్యాంకు 1990లలో చాలా దేశాలకు ఇదే సలహా ఇచ్చింది, దానికి అప్పు కూడా ఇచ్చింది. 1998 అనుభవం తర్వాత దాన్ని గట్టిగా వ్యతిరేకించే పరిస్థితి జోర్డాన్‌లో లేకపోయింది.

## లెమా కాలం

లయొనేజ్ దేజో అనే ఫ్రెంచ్ కంపెనీ, మాంట్‌గొమరీ వాట్సన్ అనే ఇంజినీరింగ్ సంస్థ, జోర్డాన్‌కు చెందిన అరబ్‌టెక్ జర్దానే కలిసి లెమా పేరుతో సంస్థగా ఏర్పడ్డాయి. 1999 ఆగస్టు నుంచి 2006 చివరి దాకా అమ్మాన్ నీటి సరఫరాను ఇదే నడిపింది. మొదట నాలుగేళ్లకు కుదిరిన ఒప్పందాన్ని తర్వాత పొడిగించారు.

దీన్ని మేనేజ్‌మెంట్ కాంట్రాక్టు అంటారు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన విషయం, కంపెనీ పైపులు కొనలేదు, పెట్టుబడి పెట్టలేదు, ధర నిర్ణయించలేదు. ఆస్తులు ప్రభుత్వ సంస్థ అయిన జోర్డాన్ వాటర్ అథారిటీవి. పెద్ద పైపులు మార్చే పనులకు విదేశీ దాతల డబ్బు వచ్చింది, ఆ పనులు ప్రభుత్వ పర్యవేక్షణలో వేరే కాంట్రాక్టర్లు చేశారు. లెమా మేనేజర్లను తెచ్చి రోజువారీ పని నడిపింది. దానికి నిర్ణీత ఫీజు, పనితీరు మెరుగుపడితే అదనంగా కొంత వచ్చేవి.

ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయి. నీళ్లు వచ్చే సమయం వారానికి 32 గంటల దగ్గర నుంచి 40 గంటలు దాటింది. బిల్లుల వసూలు, ఫిర్యాదుల పరిష్కారం మెరుగయ్యాయి. పనితీరుకు పెట్టిన ప్రమాణాల్లో చాలావాటిని కంపెనీ అందుకుంది. అన్నిటికంటే ముఖ్యమైన దాన్ని మాత్రం అందుకోలేదు. సరఫరా చేసిన నీటిలో బిల్లు రాని వాటా ఒప్పందం మొదలైనప్పుడు సగానికి పైన ఉండేది. దాన్ని బాగా దించాలన్నది లక్ష్యం. ఏడేళ్ల తర్వాత కూడా అది 40 శాతం పైనే ఉంది.

పైపు పగిలి పోయేవి, దొంగ కనెక్షన్లు లాగేవి, మీటరు లెక్కలోకి రానివి అన్నీ ఈ వాటాలో కలిసి ఉంటాయి. నీళ్లు అడపాదడపా వచ్చే ఊళ్లో వీటిని తగ్గించడం చాలా కష్టం. ఖాళీ పైపులోకి ఒక్కసారిగా నీళ్లు వదిలితే ఆ ఒత్తిడికి అతుకులు ఊడతాయి. ముందు గాలి తోసుకొచ్చి మీటర్లు గిర్రున తిరుగుతాయి, గాలికి కూడా బిల్లు వేస్తున్నారని జనం ఫిర్యాదు చేస్తారు. అదే రోజు చివర్లో ట్యాంకు నిండుతూ బాల్ వాల్వ్ దాదాపు మూసుకున్నప్పుడు, సన్నటి ధారగా వచ్చే నీళ్లకు మీటరు ముల్లు కదలదు. పైపు ఖాళీగా ఉన్న రోజుల్లో పగుళ్ల గుండా బయటి మురికి లోపలికి వస్తుంది. లీకు ఎక్కడుందో వెతకాలన్నా పైపులో నీళ్లుండాలి కదా, అవి ఉండేది వారంలో ఒకటి రెండు రోజులే.

కాబట్టి లెమా వైఫల్యాన్ని ఒక్క కంపెనీ చేతకానితనంగా చూడటం తొందరపాటు. పైపులు మార్చే పనులు ఆలస్యమైతే కంపెనీ దగ్గర మంత్రదండం ఏమీ ఉండదు. అలా అని కంపెనీని పూర్తిగా వదిలేయడం కూడా సరికాదు. లీకు ఆగకపోతే అదనపు ప్రోత్సాహకంలో కొంత పోతుంది, అంతే. నిర్ణీత ఫీజు వస్తూనే ఉంటుంది. ఆ నీళ్లను తోడి, శుద్ధి చేసి, కొండెక్కించడానికి అయిన ఖర్చు మాత్రం ప్రభుత్వానిదే.

## సెనెగల్ వేరేగా రాసుకుంది

ఇక్కడ సెనెగల్‌తో పోల్చి చూడటం అవసరం. అది కూడా వానలు తక్కువ ఉండే సాహెల్ ప్రాంత దేశం. రాజధాని డకార్‌కు నీళ్లు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని గియర్స్ సరస్సు నుంచి రావాలి. 1996లో అక్కడ ఆస్తుల్ని సోనెస్ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర ఉంచి, నిర్వహణను ఒక ప్రైవేటు ఆపరేటర్‌కు లీజు పద్ధతిలో ఇచ్చారు.

తేడా అంతా చెల్లింపు సూత్రంలో ఉంది. ఆపరేటర్‌కు వచ్చే సొమ్మును నీటి నష్టంతో, బిల్లుల వసూలుతో ముడిపెట్టారు. నష్టం ఒప్పుకున్న శాతం కంటే ఎక్కువైతే, ఆ తేడా ఆపరేటర్ ఆదాయంలోంచే తగ్గుతుంది. దాంతో లీకు కనిపెట్టడం కంపెనీకే లాభసాటి పని అయింది. నష్టం దాదాపు 20 శాతానికి దిగింది. ఆఫ్రికాలో ఇది చాలా మంచి అంకె. 2020లో ఆపరేటర్ మారింది, ఆ తర్వాత సరఫరాపై ఫిర్యాదులు మళ్లీ పెరిగాయి. అంటే ఒక మంచి సూత్రం శాశ్వతంగా కాపాడదు. అయినా మొదటి ఇరవై ఏళ్లలో అది పనిచేసింది. ఊరికే మేనేజర్లను మార్చడం కంటే నష్టాన్ని సరైన చోట మోపడం ఎక్కువ ఫలితమిస్తుందని అది చూపించింది.

జోర్డాన్ ఆ దారిలో వెళ్లలేదు. 2007 జనవరిలో అమ్మాన్ నీటి సరఫరాను మియాహునా అనే కంపెనీకి ఇచ్చింది. అరబిక్‌లో ఆ మాటకు మన నీళ్లు అని అర్థం. ఇది కంపెనీ చట్టం కింద నమోదైంది, దానికి బోర్డు ఉంది, లెక్కలు వ్యాపార పద్ధతిలో రాస్తుంది. వాటాలు మాత్రం పూర్తిగా ప్రభుత్వానివి. అకాబా రేవు నగరంలో 2004లోనే ఇలాంటి కంపెనీ వచ్చింది. తర్వాత ఉత్తర జిల్లాలకూ వచ్చింది. రోజువారీ నిర్వహణను పూర్తిగా ప్రైవేటుకు ఇవ్వకుండా, ప్రైవేటు కంపెనీల పద్ధతుల్ని ప్రభుత్వమే అరువు తెచ్చుకోవడం దీని సారం. రాజకీయంగా ఇది గొడవ లేని దారి. నీటి నష్టం విషయంలో మాత్రం పెద్ద మార్పు రాలేదు. ఇప్పటికీ దేశవ్యాప్తంగా సరఫరా చేసిన నీటిలో బిల్లు రానిది సగానికి దగ్గరలో ఉంది.

## దీసీ: కొనితీరాల్సిన నీళ్లు

మేనేజ్‌మెంట్ కాంట్రాక్టులు వెనక్కి తగ్గిన కాలంలోనే ప్రైవేటు పెట్టుబడి మరో రూపంలో బలంగా వచ్చింది. అది బీఓటీ, అంటే కట్టి, కొంతకాలం నడిపి, తర్వాత ప్రభుత్వానికి అప్పగించే పద్ధతి.

జోర్డాన్ దక్షిణాన, సౌదీ సరిహద్దు దగ్గర దీసీ అనే చోట భూమి అడుగున వేల ఏళ్ల నాటి నీటి నిల్వ ఉంది. వానలతో మళ్లీ నిండే బావి కాదది, తోడిన కొద్దీ తరిగిపోతుంది. అదే నిల్వను సౌదీ అరేబియా కూడా తన వైపు నుంచి తోడుతోంది. టర్కీకి చెందిన గామా కంపెనీ అక్కడ బోర్లు వేసి, 325 కిలోమీటర్ల పైపు లైను వేసి, ఏడాదికి 10 కోట్ల ఘనపు మీటర్ల నీటిని అమ్మాన్‌కు తెచ్చింది. మన లెక్కలో మూడున్నర టీఎంసీలు. ఖర్చు వంద కోట్ల డాలర్లకు కాస్త అటూఇటూ. 2009లో పనులు మొదలై 2013 జులైలో నీళ్లు నగరానికి చేరాయి.

బీఓటీ అంటే తెలుగువారికి టోల్‌గేటు గుర్తొస్తుంది. అక్కడ రోడ్డు మీద బండి తిరిగితేనే కంపెనీకి డబ్బు. నీటి బీఓటీ అలా ఉండదు. కంపెనీ డబ్బు తీసుకునేది ఇంటింటి నుంచి కాదు, ప్రభుత్వం నుంచి. అందుకే దీన్ని రాష్ట్రాల విద్యుత్ సంస్థలు చేసుకునే కరెంటు కొనుగోలు ఒప్పందాలతో (పీపీఏలతో) పోల్చడం మేలు. ఒప్పందంలో రాసుకున్నంత నీటిని కంపెనీ సిద్ధంగా ఉంచితే, వాడుకున్నా వాడుకోకపోయినా ప్రభుత్వం డబ్బు కట్టాలి. పీపీఏల్లో ఫిక్స్‌డ్ చార్జీల గురించి తరచూ చదివే పాఠకులకు ఈ టెన్షన్ తెలిసిందే.

కంపెనీ అలా అడగడానికి కారణం ఉంది. పైపు లైను ఒకసారి వేశాక తీసి వేరే చోటికి పట్టుకెళ్లలేరు. కొనేది ఒక్కరే. ఆ ఒక్కరూ కొనకపోతే అప్పు తీరదు. కాబట్టి హామీ లేకుండా ఏ బ్యాంకూ అప్పివ్వదు. కరెంటు ధర పెరిగితే ఆ భారం ఎవరిది, డాలర్ విలువ మారితే ఎవరిది అన్న ప్రశ్నలకు కూడా ఇలాంటి ఒప్పందాల్లో ఎక్కువగా ప్రభుత్వం వైపే జవాబు ఉంటుంది. జోర్డాన్ దినార్‌ను 1995 నుంచి డాలర్‌కు 0.709 దగ్గర కట్టి ఉంచారు కాబట్టి మారక విలువ సమస్య అంతగా బయటపడలేదు. కరెంటు విషయంలో మాత్రం దెబ్బ తగిలింది. 2011 నుంచి ఈజిప్టు గ్యాస్ పైపు లైను మీద వరసగా దాడులు జరిగి గ్యాస్ ఆగిపోవడంతో, జోర్డాన్ ఖరీదైన ఇంధనంతో కరెంటు తయారు చేసుకోవాల్సి వచ్చింది. ఎత్తిపోతల మీద బతికే నీటి రంగం ఆ భారాన్ని నేరుగా మోసింది.

చెన్నై దగ్గర మింజూరు ప్లాంటుది కూడా ఇదే పద్ధతి. రోజుకు 10 కోట్ల లీటర్ల సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ఈ ప్లాంటును హైదరాబాద్ కంపెనీ ఐవీఆర్‌సీఎల్ స్పెయిన్ సంస్థతో కలిసి కట్టింది. 2010లో అది మొదలైంది. కంపెనీ నీళ్లు తయారు చేస్తుంది, చెన్నై మెట్రోవాటర్ కొంటుంది, ఇళ్లకు చేర్చేది మెట్రోవాటరే. గల్ఫ్‌లో పనిచేసే తెలుగువారు వాడే నీళ్లలో చాలా భాగం కూడా సముద్రం నుంచి వచ్చినవే. అబుదాబిలో వాటిని ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టిన ప్లాంట్లు తయారు చేస్తే ప్రభుత్వం కొంటుంది. అక్కడ హామీ వెనక చమురు డబ్బుంది. జోర్డాన్‌కు ఆ దన్ను లేదు.

## అస్ సమ్రా ఎందుకు బాగా నడిచింది

అమ్మాన్, జర్కా నగరాల మురుగునీరు ఒకప్పుడు అస్ సమ్రా దగ్గర పెద్ద పెద్ద కుంటల్లోకి వెళ్లేది. 1985 నాటి ఆ కుంటలకు సామర్థ్యానికి మించి మురుగు రావడంతో చుట్టుపక్కల ఊళ్లు దుర్వాసనతో అల్లాడాయి. 2008 నుంచి అక్కడ బీఓటీ పద్ధతిలో కట్టిన ఆధునిక శుద్ధి కేంద్రం పనిచేస్తోంది. మొదట రోజుకు 2,67,000 ఘనపు మీటర్ల సామర్థ్యంతో కట్టారు, తర్వాత దాన్ని విస్తరించారు. ఖర్చులో కొంత భాగాన్ని అమెరికా గ్రాంటుగా ఇచ్చింది, విస్తరణకు కూడా ఆ దేశపు మిలీనియం చాలెంజ్ కార్పొరేషన్ సాయం చేసింది.

ఈ ప్లాంటు తనకు కావాల్సిన కరెంటులో చాలా భాగాన్ని తానే తయారు చేసుకుంటుంది. మురుగు దిగివచ్చే ఎత్తును వాడుకుని టర్బైన్లు తిప్పుతారు, బురద నుంచి గ్యాస్ తీస్తారు. శుద్ధి అయిన నీరు జర్కా నది గుండా కింగ్ తలాల్ డ్యామ్‌కు చేరి, లోయలోని పొలాలకు వెళ్తుంది. ఆ మేరకు మంచినీరు నగరానికి మిగులుతుంది.

ఇది బాగా నడవడానికి కారణం సాదాసీదాగా ఉంది. గేటు లోపల జరిగేదంతా కంపెనీ చేతిలోనే ఉంది. ఎంత మురుగు వచ్చింది, ఎంత శుభ్రంగా బయటికి వెళ్లింది అన్నది ప్రయోగశాలలో కొలిచి తేల్చవచ్చు. కరెంటు ఆదా చేస్తే నిర్వహణ ఖర్చు తగ్గుతుంది. గ్రాంటు ఉండటం వల్ల ప్రభుత్వం కట్టే ధర కూడా అదుపులో ఉంది. నగరంలోని పైపుల్లో ఈ నాలుగింటిలో ఏదీ ఉండదు. అక్కడ లక్షల ఇళ్లుంటాయి, నేతల ఒత్తిళ్లుంటాయి, భూమిలో కనపడని అతుకులుంటాయి, దొంగ కనెక్షన్ తీసేయడానికి వెళ్తే అడ్డుపడే మనుషులుంటారు.

## బిల్లు ఎక్కడ తేలుతుంది

ప్రైవేటు వస్తే నీటి ధర పెరుగుతుందన్న భయం ఊరికే పుట్టింది కాదు. బొలీవియాలోని కొచబాంబాలో 1999లో నగర సరఫరాను ఒక విదేశీ కంపెనీకి కన్సెషన్‌గా, అంటే పెట్టుబడి, నిర్వహణ, వసూళ్ల బాధ్యతలన్నీ కలిపి దీర్ఘకాలానికి ఇచ్చారు. కొత్త డ్యామ్ ప్రాజెక్టు ఖర్చు కూడా వినియోగదారుల బిల్లుల్లోకే వచ్చిపడింది. చార్జీలు ఒక్కసారిగా పెరగడంతో జనం రోడ్డెక్కారు, 2000 ఏప్రిల్‌లో ఒప్పందం రద్దయింది.

జోర్డాన్‌లో అలా జరగలేదు. దీసీ నీటికి ప్రభుత్వం కంపెనీకి కట్టే ధర వేరు, ఇంటి బిల్లులో పడే ధర వేరు. మధ్యలో తేడాను ఖజానా, నీటి సంస్థల అప్పులు భరిస్తున్నాయి. దీనివల్ల వీధుల్లో గొడవ రాలేదు. కానీ భారం మాయం కాలేదు, కనపడని చోటికి జరిగిందంతే. అప్పుల్లో ఉన్న నీటి సంస్థకు పాత పైపులు మార్చే పనికి సొంత డబ్బు మిగలదు. పైపులు మారకపోతే నష్టం తగ్గదు. నష్టం తగ్గకపోతే కొత్త నీళ్లు కొనాలి, వాటికి మళ్లీ హామీ ఇవ్వాలి.

దీసీ నీళ్లనే తీసుకుంటే, 325 కిలోమీటర్లు మోసుకొచ్చిన ఆ నీటికి ప్రభుత్వం అమ్మాన్ జలాశయం గుమ్మం దగ్గరే పూర్తి ధర కడుతుంది. అక్కడి నుంచి ఇంటికి వెళ్లేలోపు దాదాపు సగానికి బిల్లే ఉండదు. అంటే బిల్లు అయ్యే ప్రతి లీటరుకూ అసలు ధర దాదాపు రెండింతలు పడుతున్నట్టు. తెచ్చే నీరు ఎంత ఖరీదైతే, కారిపోయే నీరు కూడా అంత ఖరీదవుతుంది. జోర్డాన్‌లో ఈ ముడి ఇంకా విడలేదు.

విడకపోవడానికి సాంకేతిక కారణాల కంటే వేరే కారణం బలంగా ఉంది. పెద్ద పైపు లైనుకు దాతలు దొరుకుతారు, బ్యాంకులు దొరుకుతాయి, ప్రారంభోత్సవం ఉంటుంది. వీధి వీధినా తవ్వి అతుకులు సరిచేసే పనికి అవేవీ ఉండవు. ఆ పని జరిగితే వారానికి ఒక రోజు వచ్చే నీళ్లు రెండు రోజులు రావచ్చు. ట్యాంకర్‌కు డబ్బు పెట్టలేని కుటుంబానికి అన్నిటికంటే ముందు కావాల్సింది అదే.

## ఇప్పుడు అకాబా వైపు

ఎర్రసముద్రం నుంచి మృత సముద్రానికి కాలువ అనే పాత ఆలోచనను జోర్డాన్ 2021లో వదిలేసింది. ఇజ్రాయెల్ నుంచి శుద్ధి చేసిన సముద్రపు నీరు తీసుకుని బదులుగా సౌర విద్యుత్తు ఇచ్చే ప్రతిపాదన ఒకటి ముందుకు వచ్చినా, గాజా యుద్ధం మొదలయ్యాక 2023 నవంబరులో దాని మీద సంతకం చేయబోమని ప్రకటించింది. అప్పటి నుంచి ఆశలన్నీ సొంత గడ్డ మీది ప్రాజెక్టు మీదే ఉన్నాయి.

అకాబా తీరంలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చి, సుమారు 450 కిలోమీటర్ల పైపు లైనులో అమ్మాన్‌కు చేర్చాలన్నది ఆ ప్రణాళిక. ఏడాదికి 30 కోట్ల ఘనపు మీటర్లు, అంటే దాదాపు పదిన్నర టీఎంసీలు. దీసీకి మూడు రెట్లు. మెరిడియమ్, సుయెజ్ అనే ఫ్రెంచ్ కంపెనీలు ముఖ్య భాగస్వాములుగా ఉన్న కన్సార్షియంతో (కంపెనీల కూటమితో) 2025 జనవరిలో ఒప్పందం జరిగింది. ఇది కూడా బీఓటీయే. సుయెజ్ అంటే పాత లయొనేజ్ దేజో వారసత్వంలోని సంస్థే కాబట్టి, లెమా కాలం నాటి పేరు మరో రూపంలో తిరిగి వచ్చినట్టయింది.

ఈసారి ఖర్చు కూడా అంతకంతా పెద్దది. ముందు ఉప్పు తీయడానికి కరెంటు కావాలి, తర్వాత సముద్రమట్టం నుంచి కొండల మీది నగరానికి ఎక్కించడానికి కరెంటు కావాలి. ఆ భారం తగ్గించడానికి సౌర విద్యుత్ ప్లాంటును కూడా ప్రాజెక్టులో కలిపారు. దీసీ లాగా తరిగిపోయే నిల్వ కాదు కాబట్టి వనరు విషయంలో దిగులు లేదు. దీర్ఘకాలంలో దీసీని కాస్త కాపాడుకునే వీలు కూడా దీనివల్ల కలుగుతుంది. జోర్డాన్ ముందు ఇంతకంటే పెద్ద నీటి దారి మరొకటి లేదన్నది నిజం.

అయితే కన్సార్షియం బాధ్యత నీటిని అమ్మాన్ జలాశయాలకు చేర్చడంతో ముగుస్తుంది. అక్కడి నుంచి మియాహునా పైపులే. జాతీయ నీటి వ్యూహం ప్రకారం బిల్లు రాని నీటిని ఏటా రెండు శాతం చొప్పున తగ్గించుకుంటూ 2040 నాటికి 25 శాతానికి చేర్చాలి. 1999లో లెమాకు అప్పగించిన పని కూడా ఇదే. అకాబా నీళ్లు నగరానికి చేరేది ఈ దశాబ్దం చివర్లో. అనుకున్నవన్నీ అనుకున్నట్టు జరిగినా, ఆ రెండు గడువుల మధ్య దాదాపు పదేళ్ల పాటు సముద్రం నుంచి కొండెక్కించిన నీళ్లు ఈ పైపుల్లోనే పారాలి.